జమ్మలమడుగులో చేసిన హాకీ గేమ్ ఎవరు కొంటారు?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదనే. జమ్మలమడుగు తమ్ముడు ఒకతను పంపించినాడు. బీటెక్ ఫోర్త్ ఇయర్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా ఫోన్‌లో ఆడే హాకీ గేమ్ ఒకటి చేస్తున్నారంట. టీమ్‌లో ముగ్గురు. ఒకరిది ప్రొద్దుటూరు, ఇంకొకరిది పులివెందుల. ప్రాజెక్ట్ బాగా వచ్చింది కాబట్టి ప్లేస్‌మెంట్స్ వదిలేసి ఒక సంవత్సరం దీని మీదనే కూర్చుందామని ప్లాన్. "అన్నా, హాకీ గేమ్‌లు ఏ దేశంలో ఎట్లా అమ్ముడుపోతాయి? మన దగ్గర అమ్ముడుపోతుందా? నిజం చెప్పన్నా, ముగ్గురిలో ఒకరికి ఎడ్యుకేషన్ లోన్ కూడా ఉంది" అని అడిగినాడు.

లోన్ అనే మాట ఉంది కాబట్టి దీన్ని లైట్‌గా తీసుకోలేను. కొంచెం డీటెయిల్‌గా మాట్లాడుకుందాం.

ముందు ఒక చిక్కు విప్పాలి. హాకీ గేమ్ అని సెర్చ్ కొట్టు తమ్ముడూ, ఏం వస్తుంది? మంచు మీద ఆడే ఐస్ హాకీ. ప్రపంచంలో "హాకీ వీడియో గేమ్" అంటే దాదాపు దాని అర్థం ఒకటే, ఈఏ వాళ్ల ఎన్‌హెచ్‌ఎల్ సిరీస్. 1991లో సెగా కన్సోల్ మీద మొదలైంది, ఇప్పటికీ దాదాపు ఏటా వస్తానే ఉంది. చేసేది కెనడాలో, వాంకూవర్ స్టూడియోలో. ఎన్‌హెచ్‌ఎల్ అనేది అక్కడి ప్రొఫెషనల్ లీగ్. మొత్తం 32 టీమ్‌లు, అందులో 25 అమెరికావి, 7 కెనడావి. నీ గేమ్ పచ్చ టర్ఫ్ మీద ఆడే ఫీల్డ్ హాకీ. పేరు ఒకటే గానీ మార్కెట్ వేరే.

సరే, ఐస్ హాకీ గేమ్ ఎక్కడ అమ్ముడుపోతుంది? ఆట ఎక్కడుందో అక్కడే. అమెరికాలో ఏడాది చివర టాప్ సెల్లింగ్ గేమ్‌ల లిస్ట్ వస్తే మ్యాడెన్, ఎన్‌బీఏ 2కే పేర్లు ప్రతిసారీ కనిపిస్తాయి. ఎన్‌హెచ్‌ఎల్ ఆ లిస్ట్ దాకా రావడం అరుదు. అదే కెనడాకు పోతే హాకీ వాళ్లకు మనకు క్రికెట్ లాగా. యూరప్‌లో స్వీడన్, ఫిన్లాండ్, చెక్. జపాన్‌లో ఎవరూ పట్టించుకోరు, అక్కడ బేస్‌బాల్ గేమ్‌లదే రాజ్యం. కొనామీ వాళ్ల పవర్‌ఫుల్ ప్రో బేస్‌బాల్ 1994 నుంచి నడుస్తా ఉంది. ఇక ఫుట్‌బాల్ సంగతి వేరు. ఫిఫా సిరీస్ మొత్తం 32 కోట్ల 50 లక్షల కాపీలు దాటిందని 2021లో ఈఏనే చెప్పింది. ఫుట్‌బాల్ ఆడని దేశం లేదు కదా మరి.

నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన కథ స్వీడన్‌ది. 90ల్లో ఈఏ వాళ్లు స్వీడన్ కోసమే విడిగా ఒక గేమ్ విడుదల చేసినారు, ఎలిట్‌సెరియెన్ 95 అని. ఎన్‌హెచ్‌ఎల్ 95నే తీసుకుని, అమెరికా టీమ్‌లు తీసేసి, స్వీడన్ లీగ్ టీమ్‌లు పెట్టినారు. మరుసటి ఏడాది 96 కూడా వచ్చింది. అప్పట్లో స్వీడన్ జనాభా ఎంతనుకున్నారు? 90 లక్షల లోపు. మన పాత కడప జిల్లా జనాభా 2011 లెక్కల్లో దాదాపు 29 లక్షలు. అంటే మూడు కడప జిల్లాలంత జనం కోసం అంత పెద్ద కంపెనీ ప్రత్యేకంగా గేమ్ చేసింది!

మరి మనం 140 కోట్లకు పైన ఉన్నాం కదా, మనకెందుకు చెయ్యరు? కంపెనీ లెక్క పెట్టేది తలలను కాదప్పా. ఆ ఇంట్లో కన్సోల్ ఉందా, డబ్బులు పెట్టి కొనే అలవాటు ఉందా, ఆ ఆట రోజూ టీవీలో వస్తుందా, ఈ మూడూ చూస్తుంది. స్వీడన్‌లో మూడూ ఉన్నాయి.

మన సైడ్ చూద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ పీసీలో రావడం 2008లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 09తోనే ఆగిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ 25 అయితే పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మీద మాత్రమే. పీఎస్5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. దాని మీద పెద్ద గేమ్ ఒక్కొక్కటి వేల రూపాయలు. ఆ మొత్తంతో ఇంట్లో ముగ్గురికి ఫోన్లు వస్తాయి. ప్రొద్దుటూరులో డబ్బు లేదని కాదు, బంగారం అంగళ్ల వీధికి పోతే తెలుస్తుంది ఎంతుందో. అయితే ఆ డబ్బు నెక్లెస్ మీదకు పోతుంది గానీ గేమ్ డిస్క్ మీదకు రాదు. తప్పు పట్టడం లేదు. నెక్లెస్‌ను కుదువ పెట్టుకోవచ్చు, డిస్క్‌ను ఎవరు పెట్టుకుంటారు?

ఇక్కడ అందరికీ తెలిసిన గేమ్ ఒకటి తీసుకుందాం. క్రికెట్ 07. 2006 చివర్లో వచ్చింది. ఈఏ చేసిన ఆఖరి క్రికెట్ గేమ్ అదే. ఎవరి కోసం చేసినారో చూడండి. లోపల యాషెస్ ఉంది, ఇంగ్లండ్ కౌంటీ టీమ్‌లు ఉన్నాయి. మన ఇండియా టీమ్‌కు లైసెన్స్ లేదు, అందుకే మనోళ్ల పేర్లన్నీ వంకర టింకరగా ఉండేవి. అయినా ఆడనోళ్లు ఎవరు? నెట్ సెంటర్లలో అదే, కాలేజీ ల్యాబ్‌లో అదే, హాస్టల్‌లో పెన్‌డ్రైవ్ చేతులు మారేదీ అదే. ఆట బతికింది ఫ్యాన్స్ చేసిన ప్యాచ్‌ల వల్ల. కొత్త జెర్సీలు, ఐపీఎల్ టీమ్‌లు, సరైన పేర్లు, అన్నీ వాళ్లే పెట్టుకున్నారు. విచిత్రం ఏందంటే హాకీ దేశాల్లోనూ ఇదే జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్ 2004 పీసీ గేమ్‌కు ఫ్యాన్స్ కొత్త టీమ్‌లు, కొత్త ప్లేయర్లు చేర్చుకుంటా ఏళ్ల తరబడి నడిపించినారు.

ఈఏ ఆఫీసులో సేల్స్ షీట్ ముందు కూర్చున్నోడికి మన నెట్ సెంటర్ కనపడదు. మనం ఆడినది లక్ష గంటలు, కొన్నది సున్నా. వాళ్ల లెక్కలో మనం లేము. ఇది గుర్తు పెట్టుకో తమ్ముడూ. ఆడటం, అమ్ముడుపోవడం రెండూ ఒకటి కాదు.

మన తెలుగోళ్లు ప్రయత్నం చేయలేదా అంటే చేసినారు. 2009లో సోనీ వాళ్లు ఇండియా కోసమని పీఎస్2 గేమ్‌లు తెచ్చినారు. హనుమాన్ బాయ్ వారియర్ చేసింది హైదరాబాద్ కంపెనీ అరోనా. దేశీ అడ్డా చేసింది కూడా హైదరాబాద్ కంపెనీనే, గేమ్‌శాస్త్ర. కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా, అంటే మన బిళ్లంగోడు, అన్నీ అందులో ఉన్నాయి. ఆటలు మనవే. కానీ నడిచేది పీఎస్2లో. బిళ్లంగోడు ఆడే పిల్లోడి ఇంట్లో పీఎస్2 లేదు, పీఎస్2 ఉన్న పిల్లోడు బిళ్లంగోడు ఆడడు. నా దృష్టిలో దాని కథ అక్కడే అయిపోయింది.

మారింది ఫోన్‌తో. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినాక డేటా గురించి ఆలోచించడం మానేసినాం. చెన్నై నెక్స్ట్‌వేవ్ వాళ్ల వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్, నాటిలస్ వాళ్ల రియల్ క్రికెట్, రెండూ ఫ్రీ. డబ్ల్యూసీసీ3లో తెలుగు కామెంటరీ కూడా ఉంది, వెంకటపతి రాజు గొంతుతో. డబ్బులు యాడ్స్ నుంచి, గేమ్ లోపల కొనే చిన్న చిన్న వస్తువుల నుంచి వస్తాయి. దీంట్లో డబ్బు లేదనుకునేరు. బీజీఎంఐ నడిపే కొరియా కంపెనీ క్రాఫ్టన్, 2025లో నాటిలస్‌లో మెజారిటీ వాటా కొనుక్కుంది.

ఇప్పుడు నీ గేమ్ దగ్గరకు వద్దాం. ఫీల్డ్ హాకీకి ఎన్‌హెచ్‌ఎల్ లాగా ఏటా వచ్చే పెద్ద సిరీస్ ఒక్కటీ లేదు. ఒలింపిక్స్‌లో మనకు 8 గోల్డ్‌లు ఉన్న ఆట. టోక్యోలో బ్రాంజ్, పారిస్‌లో మళ్లీ బ్రాంజ్. అయినా గేమ్ లేదు. ఖాళీ ఉంది కదా అని నువ్వు సంబరపడతావు, తెలుసు. కానీ ఖాళీగా ఉన్న ప్రతి స్థలమూ ప్లాట్ కాదు, కొన్ని చోట్ల కొనేవాళ్లు లేకనే ఖాళీగా ఉంటుంది.

చిన్న టెస్ట్ పెట్టు. ప్రొద్దుటూరు బస్టాండ్‌లో నిలబడి పదిమందిని అడుగు, శ్రీచరణి ఎవరని. 2025 నవంబర్‌లో వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో మన ఎర్రమల్లె అమ్మాయి అని చాలామంది చెప్తారు. అదే పదిమందినీ ఎతిమరపు రజని ఎవరని అడుగు. టోక్యో ఒలింపిక్స్‌కు పోయిన ఇండియా హాకీ గోల్‌కీపర్, పాత చిత్తూరు జిల్లా పల్లె నుంచి. పక్క జిల్లానే! ఎంతమంది చెప్తారు? హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని మన టీమ్ ఉంది, 2025 ఫిబ్రవరిలో ఫైనల్ దాకా పోయి బెంగాల్ మీద 4-3తో ఓడిపోయింది. ఆ మ్యాచ్ చూసినోళ్లు చెయ్యెత్తండి. (నవ్వు) నేనూ హైలైట్సే చూసినాను.

కాబట్టి కడప జిల్లాలో హాకీ గేమ్ అమ్ముడుపోతుందా అంటే, పోదు. డబ్బులు పెట్టి కొనే గేమ్‌గా అస్సలు పోదు. ఫ్రీగా పెడితే ఆడతారు, బాగుంటే. ఆ "బాగుంటే" అనేదే నీ చేతిలో ఉండేది.

కానీ ప్లే స్టోర్ జమ్మలమడుగులో ఆగిపోదు. నెదర్లాండ్స్ ఉంది. పారిస్‌లో మగవాళ్ల గోల్డ్, ఆడవాళ్ల గోల్డ్ రెండూ వాళ్లవే. బెల్జియం, జర్మనీ, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, మన పక్కన పాకిస్తాన్, మన దేశంలోనే ఒడిశా, పంజాబ్. హాకీ అభిమానులు తక్కువేం లేరు, చెల్లాచెదురుగా ఉన్నారు. పెద్ద కంపెనీకి ఇది గిట్టుబాటు కాదు. ముగ్గురు పిల్లోళ్లకు గిట్టుబాటు కావచ్చు. పైగా ఒక యాడ్‌ను పులివెందులలో ఒకరు చూస్తే వచ్చే డబ్బు వేరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో చూస్తే వచ్చే డబ్బు చాలా ఎక్కువ. దేశానికొక ధర పెట్టుకునే సౌకర్యం ప్లే స్టోర్‌లోనే ఉంది. అంటే ఆడేవాళ్లు ఒడిశాలో, డబ్బులొచ్చేది నెదర్లాండ్స్ నుంచి, చేసేది పెన్నా ఒడ్డున. ఇది జరగని పని కాదు.

అయితే పదకొండు మంది, అరవై నిమిషాల ఫుల్ మ్యాచ్ చెయ్యొద్దు సామీ. ముగ్గురితో కాదు. 22 మంది ప్లేయర్ల ఏఐ రాసేలోపు నీకు పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. హాకీలో షూటౌట్ ఉంది చూడు, అది చెయ్యి. ప్లేయర్ 23 మీటర్ల లైన్ నుంచి బాల్ తీసుకుని పరిగెత్తాలి, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే, టైమ్ 8 సెకన్లు. ఫోన్ గేమ్‌కు కొలిచి కుట్టినట్టుంది ఆ రూల్! 2024 ఆగస్టు 4న పారిస్ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్, పది మందితోనే మ్యాచ్‌ను 1-1తో నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గ్రేట్ బ్రిటన్‌ను కొట్టినారు. గోల్‌లో శ్రీజేష్. ఆ 8 సెకన్ల టెన్షన్ ఫోన్‌లో వస్తే హాకీ తెలియనోడు కూడా ఆడతాడు. అది కుదిరినాక ఐదుగురి టీమ్‌లతో ఆడే హాకీ5ఎస్‌కు పోవచ్చు. దానికి 2024 జనవరిలో ఒమన్‌లో వరల్డ్ కప్ కూడా జరిగింది.

ఒక జాగ్రత్త. శ్రీజేష్ పేరు, రజని పేరు, తూఫాన్స్ లోగో, ఏదీ అనుమతి లేకుండా పెట్టొద్దు. ఈఏకే మన క్రికెటర్ల పేర్లు దొరకలేదు, నీకెట్లా దొరుకుతాయి? నీ ప్లేయర్లకు నీ క్లాస్‌మేట్ల పేర్లు పెట్టు, వాళ్లను అడిగే పెట్టు.

ఖర్చు సంగతి. ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్‌కు ఒక్కసారి 25 డాలర్లు. కొత్త పర్సనల్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉండాలి, అప్పుడే పబ్లిష్‌కు దారి. హాస్టల్‌లో పన్నెండు మంది దొరకడం కష్టం కాదు. 14 రోజులు ఉంచడమే కష్టం, బిర్యానీ ఖర్చు లెక్కలో వేసుకోండి. గోడోట్ ఇంజిన్ ఫ్రీ. అంటే షూటౌట్ గేమ్‌ను బయటికి తేవడానికి ఉద్యోగం వదలాల్సిన పని లేదు. ప్లేస్‌మెంట్స్‌లో కూర్చోండి, ముగ్గురూ. లోన్ ఉన్నతను తప్పకుండా. జాయినింగ్ వచ్చేలోపు ఎట్లాగూ నెలలు ఖాళీ దొరుకుతాయి, ఆ టైమ్‌లో రిలీజ్ చెయ్యండి. మూడు నెలల తర్వాత కన్సోల్‌లో దేశాల వారీగా లెక్క చూడండి. డౌన్‌లోడ్‌లు కాదు, వారం తర్వాత కూడా తెరిచి ఆడేవాళ్లు ఎంతమంది, ఏ దేశంలో, అది చూడండి. నెదర్లాండ్స్‌లోనో ఒడిశాలోనో గీత పైకి పోతుంటే అప్పుడు ఉద్యోగం వదిలే సంగతి మళ్లీ మాట్లాడదాం, నేనే ఫోన్ చేస్తా.

తమ్ముడూ, బిల్డ్ రెడీ అయినాక లింక్ పంపించు. మంచి ఫోన్‌లో కాదు, మా ఇంట్లో అమ్మ వాడే 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో వేసి చూస్తా. అది వేడెక్కకుండా నడవాలి.