మన బాధ మీద వాళ్ల పాట

(సాంస్కృతిక కార్యకర్తల శిక్షణా తరగతిలో ఇచ్చిన ఉపన్యాసం)



నిన్న రాత్రి పాటలయ్యాక ఒక తమ్ముడు అడిగాడు. 'మన బాధ మీద పైవాళ్లు పాట కడితే సంతోషించాలా, అనుమానించాలా?' అని. ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదిది. ఇదే ప్రశ్న ఆస్ట్రేలియాలో ఒక పాటల ఆల్బం చుట్టూ కూడా ఉంది. ఆ కథ చెప్తాం. వినండి.

సిడ్నీ పట్నంలో మిడ్‌నైట్ ఆయిల్ అని ఒక రాక్ బృందం ఉంది. కరెంటు గిటార్లు, డ్రమ్ములు, చెవులు దద్దరిల్లే పాట. బృందంలో అందరూ తెల్లవాళ్లే. 1987లో వాళ్లు 'డీజిల్ అండ్ డస్ట్' అనే ఆల్బం తెచ్చారు. డీజిలూ దుమ్మూ అన్నమాట. పట్నం బృందానికి ఎడారి దుమ్ము ఎక్కడిది? అది తెలియాలంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి.

1788లో ఇంగ్లీషువాళ్లు ఓడల్లో వచ్చి అక్కడ దిగారు. అప్పటికే వేల ఏళ్లుగా ఆదివాసులు బతుకుతున్న నేల అది. ఒక్కో జనానికి ఒక్కో భాష, ఒక్కో కొండ, ఒక్కో నీటిచెలమ. అయినా వచ్చినోళ్ల చట్టం ఏమంది? ఈ నేల ఎవరిదీ కాదంది. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే మనిషే లేడని రాసుకుంది! ఆ అబద్ధాన్ని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 1992లో, మాబో కేసులో గానీ కొట్టెయ్యలేదు. రెండు వందల ఏళ్లు పట్టింది.

మధ్య ఎడారిలో పింటుపి అనే జనం ఉన్నారు. 1950లలో, 60లలో వాళ్లను సొంత నేల నుంచి తరలించి పాపున్యా అనే చోట పెట్టారు. అక్కడ రోగాలతో చాలామంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లు ఊరుకున్నారా? 1981లో తమ నేలకు తిరిగి నడిచారు. కింటోర్ దగ్గర మళ్లీ ఊరు కట్టుకున్నారు. ఈ ఏడు గుర్తు పెట్టుకోండి. 1981. అప్పటికి తెల్లవాళ్ల పాట ఇంకా పుట్టలేదు.

పాపున్యాలోనే వరుంపి బ్యాండ్ అని ఆదివాసీ కుర్రాళ్లు ఒక బృందం కట్టారు. ఒక తెల్ల మిత్రుడూ అందులో ఉన్నాడు. 1983లో లురిట్జా భాషలో పాట రికార్డు చేశారు. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి పాట. ఆదివాసీ భాషలో వచ్చిన తొలి రాక్ పాటగా దానికి పేరు. అంటే వాళ్లకు గొంతు లేక కాదు, వినేవాడు లేక!

1986లో మిడ్‌నైట్ ఆయిల్, వరుంపి బ్యాండు కలిసి ఎడారి గూడేలు తిరిగారు. పట్నంలో వెలిగే బృందం అక్కడ ఎవరికీ పెద్దగా తెలియని బృందమైంది. చూశారు, విన్నారు. ఆ తిరుగుడులోంచి పుట్టిందే ఈ ఆల్బం. అందులో 'వరకుర్న' పాట పేరు ఒక ఎడారి ఊరి పేరు. 'ద డెడ్ హార్ట్' పాటను, 1985లో ఉలూరు కొండను అనంగు ప్రజలకు తిరిగిచ్చిన సందర్భం మీద తీసిన చిత్రం కోసం రాశారు. తిరిగిచ్చారు గానీ, 99 ఏళ్ల లీజుకు మళ్లీ సర్కారుకే ఇవ్వాలని షరతు పెట్టారు. ఇచ్చే చేతిలో తాడు ఎట్లా ఉంటుందో చూడండి!

ఇక 'బెడ్స్ ఆర్ బర్నింగ్'. పింటుపి జనం కథే ఆ పాటకు ప్రాణం. అది కెనడాలో, న్యూజిలాండ్‌లో, దక్షిణాఫ్రికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట ఆదివాసుల మీద జాలి పడదు. తన జాతినే బోనులో నిలబెడుతుంది. ఇది వాళ్ల నేల, మనం అనుభవిస్తున్నాం, తిరిగివ్వాలి అంటుంది. తెల్ల ఆస్ట్రేలియా 1988లో రెండు వందల ఏళ్ల పండుగకు సిద్ధమవుతున్న వేళ ఈ మాట అనడం చిన్న సంగతి కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు సభలో 'సారీ' అని రాసిన నల్ల బట్టలేసుకుని అదే పాట పాడారు. క్షమాపణ చెప్పనని మొండికేసిన ప్రధాని జాన్ హోవర్డ్ ఆ సభలోనే కూర్చుని ఉన్నాడు.

ఇంతవరకు చప్పట్లు కొడదాం. తర్వాత ఏమైంది?

గాయకుడు పీటర్ గారెట్ 2004లో పార్లమెంటుకు వెళ్లాడు. 2007లో మంత్రి అయ్యాడు. 2008లో ఆ ప్రభుత్వమే ఆదివాసులకు క్షమాపణ చెప్పింది. మంచిదే. కానీ ఒకనాడు యురేనియం గనులు వద్దన్న మనిషే 2009లో ఫోర్ మైల్ యురేనియం గనికి అనుమతిచ్చాడు. మైకు పట్టిన చెయ్యే సంతకమూ పెట్టింది! ఆ దేశంలో ఆదివాసుల మాట వినడానికి రాజ్యాంగంలో ఒక సలహా సంఘం పెట్టాలా అని 2023లో ఓటింగ్ జరిపితే, నూటికి అరవై మంది వద్దన్నారు. ఆ పాటకు ఊగినవాళ్లలో ఎందరు వద్దన్నారో ఎవరు చెప్పగలరు?

అయితే పాట వృథానా? కాదు. 1988లో మిడ్‌నైట్ ఆయిల్ అమెరికా, కెనడా తిరిగినప్పుడు యోతు యిండి అనే ఆదివాసీ బృందాన్ని వెంట తీసుకెళ్లారు. 1991లో యోతు యిండి 'ట్రీటీ' అనే పాట తెచ్చింది. ఒడంబడిక చేసుకుంటామని 1988లో ప్రధాని ఇచ్చిన మాట ఏమైందని నిలదీసిన పాట అది. దాన్ని రాయడంలో గారెట్ కూడా చెయ్యి వేశాడు. కానీ ఆ పాట పాడింది ఆదివాసీ గొంతు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇదీ. మన మీద పాట కట్టినవాణ్ని మూడు మాటలు అడుగుదాం. మా గూడేనికి వచ్చి విన్నావా? మా మీద జాలి పడుతున్నావా, మీవాళ్లను నిలదీస్తున్నావా? పాటయ్యాక మైకు మా చేతికిస్తావా? మూడింటికీ అవునంటే పక్కన కూర్చోబెట్టుకుందాం. పాట మెచ్చుకుందాం. మనిషి మీద మాత్రం కన్నేసి ఉంచుదాం.

మొదటి అడుగు మాత్రం పాటది కాదు. 1981లో ఎడారిలోకి తిరిగి నడిచిన కాళ్లది. నడిచేవాళ్లుంటే పాట వెనకే వస్తుంది. నడిచేవాళ్లే లేకపోతే ఎంత గొప్ప పాటైనా క్యాసెట్టులోనే ఉండిపోతుంది.