థైరాయిడ్ జబ్బు: వంశంలో వచ్చేదెంత?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



"డాక్టరు గారూ, మా ఇళ్ళలో ఆడవాళ్ళకు పనికొచ్చేది చెప్పండి" అని కార్యదర్శి గారు కోరారు. అంచేత నా దగ్గరికి వచ్చే కుటుంబాలు తరచు అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "అమ్మీకి థైరాయిడ్, ఖాలాకు థైరాయిడ్, ఇప్పుడు పిల్లకూ వచ్చింది. ఇది మా రక్తంలోనే ఉందా?"

కొంత ఉంది. అంతా లేదు. ఆ తేడా తెలియకే మనం నష్టపోతున్నాము.

థైరాయిడ్ గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. దాని హార్మోను తగ్గితే నీరసం, చలి, మలబద్ధకం, ఒళ్ళు బరువెక్కడం, నెలసరి తప్పడం. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, తిన్నా చిక్కిపోవడం.

1912లో హకారు హషిమొటో అనే జపాన్ సర్జను నలుగురు స్త్రీల గ్రంథులను పరీక్షించి, అవి తెల్ల రక్తకణాలతో నిండి ఉన్నాయని రాశాడు. కారణం మాత్రం అప్పట్లో తెలియలేదు. 1956లో లండనులో రాయిట్, డోనియాక్ బృందం ఇటువంటి రోగుల రక్తంలో వారి సొంత థైరాయిడ్‌ మీదనే పనిచేసే యాంటీబాడీలను కనిపెట్టింది. ఇంటికి పెట్టుకున్న కాపలావాడే ఇంటివాళ్ళ మీద కర్ర ఎత్తినట్టన్నమాట. హషిమొటో జబ్బులో గ్రంథి క్రమంగా దెబ్బతింటుంది. గ్రేవ్స్ జబ్బులో యాంటీబాడీలు దాన్ని ఊరుకోనివ్వకుండా తరిమి పనిచేయిస్తాయి.

కాపలావాడు ఎందుకు పొరబడతాడు? ఇక్కడే జన్యువుల పాత్ర. 6వ క్రోమోజోము మీది హెచ్.ఎల్.ఏ. జన్యువులు ఎవరు మనవారో ఎవరు పరాయివారో రక్షక కణాలకు చూపిస్తాయి. 2వ క్రోమోజోము మీది సి.టి.ఎల్.ఏ.-4 ఆ కణాలకు బ్రేకు వంటిది. గ్రంథికి సంబంధించిన థైరోగ్లోబ్యులిన్ వంటి జన్యువుల పాత్ర కూడా ఉంది. ఇలా అనేకం, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా ప్రమాదం పెంచుతుంది. అన్ని జాతులలోనూ ఇవి ఒకేలా లేవు. పి.టి.పి.ఎన్.22 అనే జన్యువులో ఐరోపావారిలో కనిపించే ఒక మార్పు జపాను వారిలో దాదాపు కనబడదు.

మరి జన్యువుల బలమెంత? డెన్మార్కులో కవలలను లెక్క తీసి 2001లో ప్రకటించారు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి గ్రేవ్స్ జబ్బు ఉంటే రెండోవారికి రావడం నూటికి 35. వేరు పోలిక కవలల్లో 3 మాత్రమే. వంశం ప్రభావం ఉన్నదనడానికి ఇంతకంటె రుజువేం కావాలి? కాని ఇంకో వైపు కూడా చూడండి. జన్యువులన్నీ ఒకటే అయినా నూటికి 65 మందికి రాలేదు! పొగ తాగడం, అయొడిన్ మరీ ఎక్కువ కావడం, కాన్పు తర్వాతి మార్పులు, ఇటువంటివి తోడైతే జబ్బు బయటపడవచ్చు. అయొడిన్ ఎక్కువ కాకూడదన్నానని అయొడైజ్డ్ ఉప్పు మానకండి. మామూలుగా వంటకు వాడే ఉప్పుతో భయం లేదు.

"దగ్గరి సంబంధం చేసుకున్నాం, అందుకేనా?" అంటారు కొందరు. ఇది తలసేమియా లాగా ఒకే జన్యువు లోపంతో వచ్చే జబ్బు కాదు. బయటి సంబంధాలు చేసుకున్నవాళ్ళకూ వస్తున్నది. అంచేత ఆ మాట పట్టుకుని ఎవరినీ నిందించకండి.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. నిఖా అయ్యాక తల్లి ఆమె మాత్రలు దాచేసింది. "అత్తగారింట్లో మింగితే మన వంశానికి పేరు పడుతుంది" అన్నది. కొన్ని నెలలకు గర్భం నిలిచింది, నిలిచిన కొద్ది వారాలకే పోయింది. మాత్ర ఆపడమొక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. కాని ఆమె హార్మోను చాలా తక్కువగా ఉంది. అలా ఉంటే గర్భస్రావం ప్రమాదం పెరుగుతుంది. తండ్రి కళ్ళ నీళ్ళతో "మా వంశదోషమేనా?" అన్నాడు. "వంశం కాదు సాహెబ్, సిగ్గు" అన్నాను. తిరిగి మాత్రలు మొదలుపెట్టింది. ఇప్పుడామెకు ఇద్దరు బిడ్డలు.

కనుక నా మనవి ఇది. తల్లికో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా గర్భం కోరేవాళ్ళు, టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకోండి. జన్యు పరీక్షలకు డబ్బు తగలెయ్యనక్కరలేదు. హార్మోను మాత్ర పరగడుపున మంచినీళ్ళతో మింగి, అరగంట నుంచి గంట ఆగి తినండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉంచండి. రంజానులో మాత్ర మానకండి. రాత్రి పడుకునేముందు, భోజనమైన మూడు గంటలకో, సహరీకి అరగంట ముందో, మీ డాక్టరుతో మాట్లాడి వేళ మార్చుకోండి. గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పండి, చాలామందికి మోతాదు పెంచవలసి వస్తుంది.

అత్తగార్లకు ఒక మాట. కోడలు పొద్దున్నే మాత్ర మింగుతుంటే "ఏం రోగం?" అనకండి. ఒక గ్లాసు మంచినీళ్ళు అందించండి. తాతముత్తాతల నుంచి వచ్చినదాన్ని మనం మార్చలేము. ఆ గ్లాసు అందించడం మన చేతిలో ఉంది.