పురుగు కొరికిన ఆకులో ఏం జరుగుతుంది?



వరంగల్‌లో ఈ సుబేదారిలో నిలబడి ఆకు తినే పురుగు గురించి మాట్లాడాలంటే 1997ను పక్కన పెట్టలేం. ఆ ఏడు పత్తి మీద పొగాకు లద్దెపురుగు విరుచుకుపడింది. చేన్లకు చేన్లు ఈనెలే మిగిలాయి. మందు మీద మందు కొట్టారు, రెండు మూడు కలిపి కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. ఆ తర్వాత పత్తి రైతుల ఆత్మహత్యలతో మన ఊరి పేరు దేశమంతా వినిపించింది. వానలు, వడ్డీలు, నాసిరకం మందులు, ఒక్క పంట మీదే పెట్టుకున్న ఆశ, ఇలా ఎన్నో కారణాలున్నాయి. వాటి గురించి చాలా మాట్లాడుకున్నాం. పురుగు కొరికినప్పుడు ఆ పత్తి మొక్క తనంతట తాను ఏం చేస్తుందన్నది మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈ రోజు నేను చెప్పేదంతా దాని గురించే.

మొక్క ఊరికే ఉండదని గట్టిగా చూపించింది 1972లో. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో గ్రీన్, రయాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టమాటా, ఆలు మొక్కల మీదికి కొలరాడో బీటిల్ అనే ఆకు తినే పెంకుపురుగును వదిలారు. కొరికిన ఆకులోనే కాదు, పురుగు ముట్టని ఆకుల్లో కూడా ఒక రకం ప్రోటీన్లు పేరుకున్నాయి. ఆ ప్రోటీన్లు పురుగు కడుపులోకి పోయి అక్కడి జీర్ణరసాలను పని చేయనివ్వవు. పురుగు తింటూనే ఉంటుంది, తిన్నది ఒంటబట్టదు. మరి ముట్టని ఆకుకు కబురు ఎలా చేరింది?

జవాబు పూలనూనె నుంచి వచ్చింది. జాజిపూల నూనెలో మంచి వాసనిచ్చే మిథైల్ జాస్మొనేట్ అనే పదార్థాన్ని 1962లోనే వేరు చేశారు. చాలాకాలం అత్తరు చేసేవాళ్లకు తప్ప దానితో పెద్దగా ఎవరికీ పని లేకపోయింది. 1990లో ఫార్మర్, అదే రయాన్ కలిసి ఒక ప్రయోగం చేశారు. వినాయక చవితికి మనం తెచ్చుకునే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన పొద ఒకటి అమెరికా మెట్టభూముల్లో పెరుగుతుంది. దాని ఆకుల్లో మిథైల్ జాస్మొనేట్ ఉంటుంది. ఆ కొమ్మలను, టమాటా మొక్కలను గాలి చొరబడని ఒకే గదిలో పెట్టారు. కొమ్మ మొక్కకు తగలలేదు, పురుగు లేదు, గాయం లేదు. అయినా గాలిలో వచ్చిన ఆ పదార్థానికే టమాటా ఆకులు జీర్ణాన్ని అడ్డుకునే ప్రోటీన్లను తయారు చేసుకున్నాయి. మొక్కల హార్మోన్ల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇది.

ఇప్పుడు ఆకులోపలికి పోదాం. పురుగు కొరకగానే చిరిగిన కణాల నుంచి గ్లుటమేట్ అనే పదార్థం బయటికి వస్తుంది. దానితో కాల్షియం అల ఒకటి ఈనెల వెంట బయలుదేరుతుంది. 2018లో టొయోటా, గిల్రాయ్ బృందం ఆవజాతికి చెందిన చిన్న మొక్కలో ఈ అలను మెరిసేలా చేసి వీడియో తీసింది. సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు వేగంతో అది పోయి ఒకటి రెండు నిమిషాల్లో దూరపు ఆకులను చేరింది. అక్కడ పత్రహరితపు పొరల్లో ఉండే లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి, ఇందాకటి మిథైల్ జాస్మొనేట్ కుటుంబానికే చెందిన జాస్మొనిక్ ఆమ్లం తయారవుతుంది. అది ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిస్తేనే అసలు హార్మోన్. మామూలు రోజుల్లో రక్షణ జన్యువులను జాజ్ అనే ప్రోటీన్లు అణచి ఉంచుతాయి. ఈ సంగతి 2007లో బయటపడింది. హార్మోన్ వచ్చినప్పుడు జాజ్ ప్రోటీన్లను కణమే ముక్కలు చేసి పారేస్తుంది, జన్యువులు పని మొదలుపెడతాయి.

ఆ పని పత్తిలో చూడాలి. కొత్తగా వచ్చే ఆకుల్లో గాసిపాల్ జాతి చేదు పదార్థాలు పెరుగుతాయి. ఆకు వెనక, మధ్య ఈనె మీద చిన్న తేనెగ్రంథి ఉంటుంది. రేపు చేనుకు పోయినప్పుడు ఆకు తిప్పి చూడండి. పురుగు కొరికితే ఆ తేనె ఎక్కువగా ఊరుతుంది, చీమలు వస్తాయి. ఆకు నుంచి కొన్ని వాసనలు కూడా గాలిలోకి పోతాయి. లద్దెపురుగు ఒంట్లో గుడ్లు పెట్టే సన్నని కందిరీగలు ఆ వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. అన్ని పురుగులనూ చంపే మందు కొట్టిన రోజు, మొక్క పిలిచిన ఆ కందిరీగ కూడా చచ్చిపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఇంత ఉన్నా 1997లో పత్తి ఎందుకు నిలవలేదని మీరు అడగాలి. ఈ రక్షణకు సమయం కావాలి, ఖర్చు కూడా అవుతుంది. ఇంట్లో ఉన్న డబ్బు ఒక్కటే అయినప్పుడు కావలివాడికి జీతమిస్తే పిల్లల ఫీజుకు తక్కువ పడుతుంది. మొక్కకూ అంతే. జాస్మొనేట్ పెరిగితే ఎదుగుదల నెమ్మదిస్తుంది. గుడ్లగుంపు నుంచి వందల పిల్లపురుగులు ఒక్కసారి బయటికి వచ్చి చేనంతా పాకితే, ఆకు సిద్ధమయ్యేలోపే ఆకు ఉండదు. పురుగు దగ్గర కూడా విద్య ఉంది. మన శనగపచ్చ పురుగుకు అమెరికాలో ఉన్న దగ్గరి చుట్టం తన లాలాజలంలోని ఒక ఎంజైముతో పొగాకు మొక్కలో నికోటిన్ పెరగకుండా ఆపుతుందని 2002లో తేలింది.

ఇంకో చిక్కు రసం పీల్చే పురుగులతో. తెల్లదోమ వాలినప్పుడు మొక్కలో సాలిసిలిక్ ఆమ్లం పెరుగుతుంది, అది చాలాసార్లు జాస్మొనేట్ దారిని అణచివేస్తుంది. ఒక శత్రువు మీద చూపు పెట్టిన మొక్క ఇంకొకదానికి లోకువ కావచ్చు. పత్తిలో ముందు రసం పీల్చేవి, తర్వాత ఆకు, కాయ తినేవి వస్తాయన్నది ఇక్కడ కూర్చున్న ప్రతి రైతుకూ తెలుసు. సుబేదారి కాలేజీలో వృక్షశాస్త్రం చదివే పిల్లలు ఎవరైనా ఈ వరసను మన చేన్లలో పట్టుకుని పని చేస్తే నాకు చాలా సంతోషం.

పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో అబ్దుల్ రషీద్ వార్, హరిచంద్ శర్మ తదితరులు ఈ జాస్మొనేట్ రక్షణ మీదే వేరుశనగలో పని చేశారు. జాస్మొనిక్ ఆమ్లం చల్లిన మొక్కల్లో ఫినాల్స్, రక్షణ ఎంజైములు పెరిగాయి, పురుగుల ఎదుగుదల తగ్గింది. పురుగును కొంత తట్టుకునే రకాల్లో ఈ స్పందన బలంగా ఉంది. ఎక్కువగా దెబ్బతినే జేఎల్ 24 రకంలో తక్కువగా ఉంది. అంటే ఈ గుణం విత్తనంలోనే ఉంది, రకాలను ఎంచుకునేటప్పుడు దిగుబడితో పాటు దీన్నీ చూడొచ్చు. డబ్బాలో పోసి అమ్మే హార్మోన్ కంటే నాకు ఇదే నమ్మకమైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే అవసరం లేనప్పుడు హార్మోన్ చల్లితే మొక్క ఎదుగుదలనే ఖర్చు పెట్టిస్తాం.

వచ్చే వానాకాలానికి నాదొక విన్నపం. గట్ల వెంట ఎర పంటగా ఆముదం వేయండి. లద్దెపురుగు ముందు దాని మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లగుంపులనూ, పిల్లపురుగులు గీకి జల్లెడలా చేసిన ఆకులనూ చేత్తో ఏరేయొచ్చు. పత్తిలో నాలుగు సాళ్లు మందు కొట్టకుండా విడిచిపెట్టి, వారానికోసారి అక్కడి పురుగులనూ, కందిరీగ గుడ్డు పడి ఎండిపోయిన పురుగులనూ లెక్క రాసిపెట్టండి. పక్క సాళ్ల లెక్కతో పోల్చి చూద్దాం. రాసినవి దసరా తర్వాత ఇక్కడికే తీసుకురండి, కాలేజీ పిల్లలను కూర్చోబెట్టి అందరం కలిసి చదువుదాం.