ట్రాక్టరు ఇంజను కంప్యూటరు: చదవడం వేరు, తిరగరాయడం వేరు

(భావనపాడులో సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల తరగతిలో ట్రాక్టరు ఇంజను ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. మన సభ్యులలో పాడి ఒక్కటే చేసేవారు తక్కువ. పొలానికి దమ్ము పట్టాలన్నా, వరిగడ్డి ఇంటికి చేరాలన్నా, ఉద్దానం తోటల నుండి కొబ్బరి, జీడి పలాసకు పోవాలన్నా ట్రాక్టరే ఆధారం. గడ్డి చేరకపోతే పశువుకు మేత లేదు, మేత లేకపోతే సంఘానికి పాలు లేవు. పైగా ట్రాక్టరు మీద అప్పు ఉంటుంది. ఎన్నో ఇళ్లలో ఆ వాయిదా పాల డబ్బుతోనే తీరుతున్నది. కనుక ఇది మన విషయమే.

నేను చదివినది మెకానికల్ డిప్లొమా, చేస్తున్నది సహకార శాఖ ఉద్యోగం. తనిఖీకి పోయిన చోట రైతులు అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. "ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము మార్చి బలం పెంచుతామంటున్నారండీ, చేయించుకోవచ్చునా?" అని. దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పడం న్యాయం కాదు. విషయం మొదటి నుండి చూద్దాం.

పాత పంపు, కొత్త పెట్టె

మన పల్లెలలో తిరిగే చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి ఇంజను కంప్యూటరు లేదు. వాటికి ఉన్నది యాంత్రిక ఇంధన పంపు. మనం "మైకో పంపు" అని పిలిచేది అదే. 1951లో ఏర్పడిన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకున్నది గాని, పల్లెలో పాత పేరే నిలిచింది. ఆ పంపులో డీజిలు ఎంత పోవాలన్నది స్ప్రింగులు, స్క్రూలు నిర్ణయిస్తాయి. గరిష్ఠ డీజిలు స్క్రూకు తీగ కట్టి సీసపు సీలు వేస్తారు. ఆ సీలు తెంపి స్క్రూ తిప్పితే బండి లాగుతుంది. దానితోపాటే నల్లపొగ, అధిక వేడి, పిస్టన్ల అరుగుదల కూడా వస్తాయి.

కొత్త పద్ధతి పేరు కామన్ రెయిల్. ఇది 1997లో కార్లలో ప్రవేశించింది. ఒక పంపు డీజిలును 1,000 బార్లకు మించిన పీడనంతో ఒక గట్టి గొట్టంలో నింపి ఉంచుతుంది. పాత ఇంజెక్టరు తెరచుకునే పీడనం సుమారు 200 బార్లు మాత్రమే అని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. ఏ ఇంజెక్టరు ఎప్పుడు తెరచుకోవాలి, సెకనులో ఎన్ని వేల వంతులు తెరచి ఉండాలి అన్నది కంప్యూటరు చెబుతుంది. నీటి వేడి, ఆయిలు పీడనం, గొట్టంలోని పీడనం, ఇంజను వేగం అన్నింటినీ సెన్సార్లు దానికి నివేదిస్తూ ఉంటాయి.

మన దేశంలో 2023 జనవరి 1 నుండి 50 హార్స్‌పవర్లు దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెం-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటితో ఆ తరగతిలో కామన్ రెయిల్, కంప్యూటరు ప్రవేశించాయి. అమెరికాలో 2013 నుండి 25 హార్స్‌పవర్లు దాటిన చిన్న ట్రాక్టర్లకే అటువంటి కఠిన నిబంధనలు అమలులోకి వచ్చాయి. అందుకే చిన్న ట్రాక్టరు కంప్యూటరును తిరగరాసే వ్యాపారం అక్కడ ముందుగా పెరిగింది. చిన్న ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్సు మన వైపూ వస్తున్నది. 2023 ఆగస్టు 15న మహీంద్రా కంపెనీ ప్రకటించిన ఓజా ట్రాక్టర్లు 20 నుండి 40 హార్స్‌పవర్ల తరగతివి, తయారయ్యేది తెలంగాణలోని జహీరాబాదులో. నాగలి లోతును ఎలక్ట్రానిక్ పద్ధతిలో అదుపు చేయడం వంటి సదుపాయాలు వాటిలో చూపించారు.

మీ బండిలో ఇంజను కంప్యూటరు ఉన్నదీ లేనిదీ ఇట్లా గుర్తించవచ్చు. ఇంజెక్టరు నెత్తిన కరెంటు తీగలు ఉన్నాయా? తాళం తిప్పగానే ఇంజను బొమ్మ దీపం వెలిగి, స్టార్టు అయ్యాక ఆరుతున్నదా? 9 పిన్నుల గుండ్రని సాకెట్టు గాని, కార్లలో వలె 16 పిన్నుల సాకెట్టు గాని ఉన్నదా? ఇవేవీ లేని బండికి "ప్రోగ్రాము మారుస్తాం" అని వచ్చినవాడు మిమ్మల్ని మోసగిస్తున్నాడని అర్థం.

చదవడం

సాకెట్టుకు రీడరు తగిలించి కంప్యూటరు చెప్పేది వినడమే చదవడం. దీనివల్ల ఇంజనులో ఏదీ మారదు. చాలా కంపెనీలు పాటించే జె-1939 అనే ప్రమాణంలో ప్రతి లోపానికి రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటి దానిని ఎస్.పి.ఎన్. అంటారు. లోపం ఎక్కడ అన్నది అది చెబుతుంది. రెండవది ఎఫ్.ఎం.ఐ., లోపం ఎటువంటిది అన్నది చెబుతుంది.

ఎస్.పి.ఎన్. 100 అంటే ఇంజను ఆయిలు పీడనం. 110 అంటే నీటి వేడి. 157 అంటే డీజిలు గొట్టంలోని పీడనం. ఇక 110 పక్కన ఎఫ్.ఎం.ఐ. 0 వచ్చిందనుకోండి, నీరు నిజంగానే మితిమీరి వేడెక్కింది. వెంటనే బండి ఆపాలి. అదే 110 పక్కన 3 గాని 4 గాని వస్తే సెన్సారు నుండి వచ్చే వోల్టేజి ఉండవలసిన హద్దులలో లేదు. ముందుగా చూడవలసినవి సెన్సారు, దాని తీగ, సాకెట్టు. ఒకదానికి పెద్ద ఖర్చు కావచ్చు, రెండవది సాకెట్టు శుభ్రం చేస్తే పోవచ్చు.

మన తీరంలో ఈ రెండవ రకానికి కారణం వెదకనక్కరలేదు. నౌపడ ఉప్పు మళ్ల మీదుగా వచ్చే గాలి ఇనుమును, రాగిని ఊరకే వదలదు. పిన్నులకు చిలుము పట్టిన బండి లేని రోగాన్ని ఉన్నట్టు చెబుతుంది. ఆ రెండు సంఖ్యలు చదవగల మనిషి ఊళ్లో ఉంటే, టెక్కలి నుండో శ్రీకాకుళం నుండో మెకానిక్కు వచ్చేదాకా నాట్ల రోజులు పోగొట్టుకోనక్కరలేదు.

సాధారణ రీడరు ప్రామాణిక సంకేతాలను మాత్రమే చూపుతుంది. కంపెనీ సొంత సంకేతాలకు కంపెనీ సాధనమే కావాలి. చదివిన సంకేతాన్ని కారణం సరిచేయకుండా చెరిపివేయడం కూడా తగదు. అది జ్వరం తగ్గించకుండా ధర్మామీటరు దులపడం వంటిది.

తిరగరాయడం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కంప్యూటరు లోపల పట్టికలు ఉంటాయి. ఇంత వేగానికి, ఇంత బరువుకు, ఇంత డీజిలు, ఇంత పీడనం అని. పొగ హద్దు, వేడి హద్దు, బలం హద్దు కూడా అందులోనే ఉంటాయి. ఆ పట్టికలకు తాళం ఉంటుంది. సాధనం లోపలికి పోవాలంటే కంప్యూటరు ఒక సంఖ్య ఇస్తుంది. రహస్య లెక్క ప్రకారం సరియైన జవాబు చెబితేనే తలుపు తీస్తుంది. సాకెట్టు ద్వారా కుదరకపోతే కొందరు పెట్టెనే విప్పి రాస్తారు. రాసిన తర్వాత మన చిట్టాలలో మొత్తాలు సరిచూసినట్టే, కంప్యూటరు కూడా లోపలి అంకెల మొత్తం సరిచూసుకుంటుంది. మొత్తం కుదరకపోతే ఇంజను స్టార్టు కాకపోవచ్చు. రాస్తుండగా బ్యాటరీ దిగిపోతే పెట్టె పనికిరాకుండా పోవచ్చు.

ఇంకొక అడ్డదారి ఉంది. ప్రోగ్రాము జోలికి పోకుండా సెన్సారుకు, కంప్యూటరుకు నడుమ చిన్న పెట్టె తగిలిస్తారు. గొట్టంలో పీడనం ఉన్నదానికంటే తక్కువ ఉన్నట్టు అది కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. కంప్యూటరు నమ్మి పీడనం పెంచుతుంది.

ఇది మనకు తెలియని విద్య కాదు. సంఘంలోని పాల పరీక్ష యంత్రాన్నే తీసుకోండి. దాని క్యాలిబ్రేషను ఎవరైనా మారిస్తే వెన్న అంకె పెరుగుతుంది, వెన్న పెరగదు. ఆ తేడా ఎవరో ఒకరి మీద పడుతుంది. ట్రాక్టరులో బలం నిజంగానే పెరుగుతుంది. అయితే క్లచ్చు పెరగదు, గేర్లు పెరగవు, రేడియేటరు పెరగదు. అంకె మార్చవచ్చును గాని ఇనుము మారదు. ఆ తేడా ఇంజను మీద, చివరకు అప్పు తీర్చే రైతు మీద పడుతుంది.

"ఒకే ఇంజనును రెండు బలాలకు, రెండు ధరలకు అమ్ముతున్నారు కదా, నేను డబ్బిచ్చి కొన్న ఇంజనుకు నేనే హద్దు తీసుకుంటే తప్పేమిటి?" అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. కొన్ని నమూనాలలో తేడా ప్రోగ్రాములోనే ఉండవచ్చు. మరికొన్నిటిలో టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్చు కూడా వేరుగా ఉంటాయి. మీ బండి ఏ రకమో విడిభాగాల పుస్తకం చూసి రాతపూర్వకంగా చెప్పగలవాడు దొరికే దాకా ఆ పని చేయించవద్దు.

చట్టం మాట కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్టు బండిని మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. వారంటీ, బీమా విషయంలోనూ చిక్కు వస్తుంది. ప్రోగ్రాముతో పొగను దాచినందుకు 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ ప్రపంచమంతటా దోషిగా నిలబడింది. అంత పెద్ద కంపెనీ దాచలేనిది మనం దాచగలమా?

అయితే తిరగరాత అంతా తప్పు కాదు. చాలా కామన్ రెయిల్ ఇంజన్లలో కొత్త ఇంజెక్టరు వేసినప్పుడు దాని మీద అచ్చయిన సంకేతాన్ని కంప్యూటరులో రాయవలసి ఉంటుంది. రాయకపోతే ఇంజను సమంగా నడవదు. కంపెనీ లోపం సరిదిద్ది పంపే కొత్త ప్రోగ్రామూ ఉంటుంది. ఇవి చేయించుకోవలసినవే. ఏమి రాశారో, ఏ తేదీన రాశారో రసీదు మీద వేయించుకోవాలి.

తాళం ఎవరి చేతిలో?

బలం పెంచే రాతను కాదన్నంత మాత్రాన తాళం పూర్తిగా కంపెనీ చేతిలో ఉండాలని కాదు. బాగుచేసుకునే హక్కు రైతుది. ఈ వివాదం అమెరికాలో చాలాకాలంగా నడుస్తున్నది. 2015లో అక్కడి కాపీరైటు నిబంధనలలో, తన ట్రాక్టరును బాగుచేసుకోవడానికి యజమాని ప్రోగ్రాము తాళం దాటవచ్చునని మినహాయింపు ఇచ్చారు. 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అక్కడి రైతు సమాఖ్యతో మరమ్మతు సాధనాల విషయమై ఒప్పందం చేసుకున్నది. కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టమే చేసింది, అది 2024 జనవరి 1న అమలులోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను అదే కంపెనీ మీద మరమ్మతుల విషయంలో దావా వేసింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘాన్ని నియమించింది. మొదట తీసుకున్న నాలుగు రంగాలలో వ్యవసాయ యంత్రాలు ఒకటి. అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టలు కూడా ప్రారంభించింది. కనుక మనం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు.

సంఘాలు చేయవలసినవి

1. ఒక్కొక్క రైతు రీడరు కొననక్కరలేదు. నాలుగైదు సంఘాలు కలిసి ఒకటి కొనవచ్చు. 1964 చట్టం కింద నమోదైనా, 1995 చట్టం కింద నమోదైనా, బైలాలో అవకాశం చూసుకొని, పాలకవర్గ తీర్మానం చేసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. వాడకానికి చిన్న రుసుము పెట్టండి.

2. ప్రతి బండికి ఒక పుట కేటాయించి తేదీ, నడిచిన గంటలు, వచ్చిన సంకేతం, చేసిన మరమ్మతు రాయండి. రేపు వారంటీ తగాదా వస్తే ఆ పుటే సాక్ష్యం.

3. కొత్త ట్రాక్టరు కొనేటప్పుడు సంకేతాల పట్టిక, వైరింగు పటం అడగండి. ఒక్కడు అడిగితే నవ్వవచ్చు, పది సంఘాలు తీర్మానం పంపితే జవాబు చెప్పాలి.

4. ట్రెయిలరుకు గాని, బండికి గాని వెల్డింగు చేసే ముందు బ్యాటరీ తీగలు, కంప్యూటరు సాకెట్టు తీయించండి.

5. కామన్ రెయిల్ ఇంజను నడుస్తుండగా పైపు నట్టు వదులు చేయరాదు. పాత ఇంజనులో ఏ సిలిండరు పనిచేయడం లేదో చూడడానికి మనవాళ్లు చేసే పని ఇది. కొత్త ఇంజనులో ఆ డీజిలు ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం సూదిమొనంత కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ఈ ఒక్క మాట మీ ఊరి మెకానిక్కులందరికీ చెప్పండి.

6. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మనకు మరపురాదు. అటువంటి సమయంలో బండి నీట మునిగితే తాళం తిప్పవద్దు. ముందు బ్యాటరీ తీగ తీసి, సాకెట్లు ఆరబెట్టించి, ఆపై మెకానిక్కుకు చూపండి.

సోదరులారా, సంఘం కాటాకు తూనికలు, కొలతల శాఖ సీలు ఉంటుంది. ఆ అంకెను చదివే హక్కు పాలు పోసే ప్రతి సభ్యునికీ ఉంది. సీలు విప్పే హక్కు మాత్రం ఎవరికి పడితే వారికి లేదు. ట్రాక్టరు కంప్యూటరు విషయంలోనూ అదే న్యాయం. చదవడం అందరం నేర్చుకుందాం. రాయవలసి వస్తే ఎవరు రాశారో, ఏమి రాశారో కాగితం మీద ఉండేటట్టు చూసుకుందాం. వచ్చే పాలకవర్గ సమావేశపు ఎజెండాలో రీడరు విషయం చేర్చవలసిందిగా కార్యదర్శులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.