మన ఓటు మన పేరు మీదికి ఎట్లా వచ్చింది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గరికపాడు గ్రామ సమాఖ్య తరఫున చదివిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ మా ఊరి వంతు వచ్చినప్పుడు పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చునేవాళ్ళం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి ఓటు గురించి చెప్పాలని మేమంతా అనుకున్నాం. దానికి ఒక కారణం ఉంది.

ఒక నెల సంఘం మీటింగుకి ఓటరు జాబితా తెచ్చి, మన వీధిలో ఎవరి పేర్లు ఉన్నాయి, ఎవరివి లేవు అని చదువుతున్నాం. ఒక పేరు దగ్గర ఆగిపోయాం. ఈమె ఎవరో ఎవరికీ తెలియలేదు. ఊరొదిలి పోయిందేమో, చనిపోయిందేమో, కొట్టేయించాలేమో అని మాలో మేము అనుకుంటున్నాం. వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ “అది నేనేనే” అంది. కోడలు పత్తి తీతకు పోతూ, కిస్తీ కట్టి రమ్మని ఆమెని పంపింది. అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది. మా ఊరికి కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. కోదాడ నుంచి వచ్చింది కాబట్టి పెద్దవాళ్ళకి కోదాడామె, చిన్నవాళ్ళకి కోదాడ పెద్దమ్మ. కాకపోతే ఫలానా ఆయన భార్య, ఫలానా అబ్బాయి వాళ్ళమ్మ. సొంత పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆ పేరు ఓటరు జాబితాలో మాత్రం భద్రంగా ఉంది.

ఇంటికి పోయాక ఆ నవ్వు మాకే బాగా అనిపించలేదు. బతికున్న మనిషిని కొట్టేయిద్దాం అనుకున్నాం కదా! అప్పటినుంచి ఈ జాబితాలోకి ఆడవాళ్ళ పేర్లు ఎట్లా వచ్చాయో తెలుసుకుందామని, తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు చూసి, కొంత కూడబెట్టాం. అదే చెబుతున్నాం.

ముందు మన దగ్గరి ఊరి మాట. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి పోనివాళ్ళు మనలో ఉండరు. ఆ పెనుగంచిప్రోలులోనే 1874లో భండారు అచ్చమాంబ గారు పుట్టారు. ఎన్నిసార్లు మొక్కు తీర్చుకొచ్చామో గాని ఈ సంగతి మాకు మొన్నటిదాకా తెలియదు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు పెద్ద పండితుడు. ఆమెకి బడి చదువు లేదు. తమ్ముడి సాయంతో ఇంట్లోనే చదువుకుని, మన దేశంలో గొప్ప పనులు చేసిన ఆడవాళ్ళ కథలన్నీ ఏరి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని పుస్తకం రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లో, ముప్పై ఏళ్ళకే చనిపోయారు. ఓటు మాట అప్పటికి ఇంకా రాలేదు. మరి ఆమె గురించి ఎందుకు చెబుతున్నారు అంటే, ఆడవాళ్ళు ముందు ఒక చోట కూర్చోవడం నేర్చుకున్నారు, ఆ తర్వాతే ఏదైనా అడగగలిగారు. మనకి కూడా ముందు పొదుపు, తర్వాతే బ్యాంకు మెట్లు ఎక్కడం కదా.

ఇక ఓటు. 1917లో మద్రాసులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అని ఒక స్త్రీల సంఘం పుట్టింది. అనిబిసెంటు గారు, డొరోతీ జినరాజదాస గారు, మార్గరెట్ కజిన్స్ గారు దాన్ని నడిపించారు. ఈ కజిన్స్ గారిది ఐర్లండు. తన దేశంలో ఓటు కోసం పోరాడి జైలుకి పోయి వచ్చిన మనిషి. ఆ ఏడు లండను నుంచి మాంటేగు అనే మంత్రి, ఈ దేశానికి ఎలాంటి పరిపాలన ఇవ్వాలో చూడడానికి వచ్చాడు. మేము వచ్చి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతాం, సమయం ఇవ్వండి అని కజిన్స్ గారు అడిగారు. రాజకీయ విషయం అయితేనే వింటాం, వేరేది వినం అని జవాబు వచ్చింది. సరే అయితే, ఓటు కూడా అడుగుతాం అని రాశారు! పొమ్మనడానికి చెప్పిన మాటే దారి చూపించినట్టయింది. మనకి కూడా ఆఫీసుల్లో ఇట్లాంటివి తెలుసు. ఆ కాగితం లేదు, ఈ కాగితం లేదు అంటారు. ఏ కాగితం కావాలో తెలిసిందంటే సగం పని అయినట్టే.

1917 డిసెంబరు 18న ఆ ఆడవాళ్ళు మద్రాసులో మాంటేగుని, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌ని కలిశారు. ముందు నిలబడింది సరోజినీ నాయుడు గారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆమె, తెలుగింటి కోడలు. వాళ్ళు అడిగింది పెద్ద వింత కోరికేం కాదు. ప్రజలకి ఓటు అని మీరు రాసేటప్పుడు ప్రజలంటే మేము కూడా అని అర్థం వచ్చేట్టు రాయండి అన్నారు.

రాయలేదు. ఓటు ఎవరికివ్వాలో చూడడానికి వేసిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశంలో ఆడవాళ్ళు ఘోషాలో ఉంటారు, జనం ఇంకా సిద్ధంగా లేరు అని తోసేసింది. ఆడవాళ్ళు అక్కడితో ఊరుకోలేదు. 1919లో సరోజినీ నాయుడు గారు, అనిబిసెంటు గారు లండను పోయి పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ కూడా పోయి, అక్కడ సభలు పెట్టి మాట్లాడారు. తల్లీకూతుళ్ళు ఓడ ఎక్కి అంత దూరం పోయారంటే మాకు ఆశ్చర్యంగా ఉంది. మనం విజయవాడ ట్రైనింగుకి పోవాలన్నా ఇంట్లో ఎన్ని చెప్పాలి.

లండను వాళ్ళు అవుననలేదు, కాదనలేదు. మీ మీ రాష్ట్రాల కౌన్సిళ్ళు ఒప్పుకుంటే ఇచ్చుకోండి అన్నారు. అట్లా ఒప్పుకున్న మొదటి కౌన్సిలు, బ్రిటిషు వాళ్ళ పాలనలో ఉన్న ప్రాంతాల్లో, మన మద్రాసుదే. 1921 ఏప్రిల్ 1న తీర్మానం అయింది. అప్పుడు కృష్ణా జిల్లా మద్రాసు కిందే ఉండేది కాబట్టి అది మనకి కూడా వర్తించింది. 1923 ఎన్నికల్లో మన వైపు ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు.

మన వైపు అని ఎందుకంటున్నామంటే, మా ఊరు సరిహద్దు ఊరు. పాలేరు అవతల అంతా అప్పుడు నిజాం రాజ్యం. మద్రాసు తీర్మానం ఏరు దాటలేదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరిలో ఒకరిని ఇటు ఇచ్చి, ఒకరిని కోదాడ వైపు ఇస్తే చట్టం వాళ్ళిద్దరికీ ఒకటి కాదు.

అయితే ఇటువైపు అక్కకి మాత్రం నిజంగా ఓటు వచ్చిందా? ఇక్కడ ఆగి చూడాలి. ఓటు ఉన్నది పొలానికి శిస్తు కట్టేవాళ్ళకి, ఇంటి పన్ను కట్టేవాళ్ళకి, అట్లాంటి ఆస్తి ఉన్నవాళ్ళకి. మగవాళ్ళకి కూడా అంతే. కూలికి పోయేవాడికి లేదు. ఇక ఆడదాని పేరు మీద ఆస్తి ఎక్కడిది? ఏ జమీందారు ఇంటావిడో, భర్త పోయి పట్టా తన పేరుకి మారిన పెద్ద రైతు ఇంటి ఆమెనో అయ్యుండాలి. నాట్లేసి, కలుపు తీసి, పొయ్యి దగ్గరా చేలోనూ చాకిరీ చేసిన వాళ్ళకి పట్టా లేదు కాబట్టి ఓటు లేదు. ఈ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటుంది. మన సంఘాల్లో ఎంతమందికి పాసుపుస్తకం సొంత పేరు మీద ఉంది? చేతులెత్తమని మేము అడగం, మీకే తెలుసు.

తర్వాత ఎన్నికల్లో నిలబడే హక్కు కూడా వచ్చింది. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1927లో మద్రాసు కౌన్సిలుకి ఉపాధ్యక్షురాలయ్యారు.

1930 తర్వాత ఇంకో పెద్ద వాదం నడిచింది. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆడవాళ్ళ ఓట్లు మరీ తక్కువగా ఉన్నాయి, ఆస్తి ఉన్నవాళ్ళ భార్యలకి కూడా ఓటు ఇద్దాం అని ప్రభుత్వం వారు అన్నారు. వినడానికి బాగానే ఉంది. మన స్త్రీల సంఘాలు వద్దన్నాయి! 1933లో రాజకుమారి అమృతకౌర్ గారు, ముత్తులక్ష్మీ రెడ్డి గారు, షరీఫా హమీద్ అలీ గారు లండనులో ఆ మాటే చెప్పారు. ఫలానా వాడి భార్య అని మాకు ఓటు ఇవ్వొద్దు, వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఇవ్వండి, అందులో మాకూ వస్తుంది అన్నారు. చేతికి వచ్చేది వద్దనడం తెలివేనా అని మా మీటింగులో ఒక చెల్లెలు అడిగింది. ముందు పుచ్చుకుని తర్వాత కొట్లాడొచ్చు కదా అంది. ఆమె మాటలో కూడా న్యాయం ఉంది. కానీ మొగుడు పోతే ఆ ఓటు ఏమవుతుంది, మొగుడు వదిలేస్తే ఏమవుతుంది, పెళ్ళి కాని ఆమె సంగతేంటి అని ఇంకొకామె అడిగింది. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ప్రభుత్వం వారి మాట వినలేదు. 1935 చట్టంలో భార్యలకీ, చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్ళకీ ఓటు ఇచ్చారు. అట్లా దేశం మొత్తం మీద సుమారు 60 లక్షల మంది ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. మగ ఓటర్లు దానికి నాలుగు రెట్ల పైనే.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం రాసిన సభలో 15 మంది ఆడవాళ్ళు ఉన్నారు. మన తెలుగు ఆడబడుచు దుర్గాబాయి గారు వాళ్ళలో ఒకరు. రాజమండ్రిలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు కాకినాడ కాంగ్రెసు సభల దగ్గర ఎగ్జిబిషను గేటులో కాపలా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిందట. ఆ సభ రాసిన రాజ్యాంగంలో 326వ అధికరణం ఉంది. 21 ఏళ్ళు నిండిన ఎవరికైనా ఓటు. పొలం అడగలేదు, చదువు అడగలేదు, మొగుడు ఎవరని అడగలేదు. 21ని 18 చేసింది 1989లో. ఇంగ్లండులో ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా ఓటు 1928 దాకా రాలేదు. స్విట్జర్లాండు అనే గొప్ప దేశంలో అయితే దేశం ఎన్నికల్లో ఓటు 1971లో వచ్చింది. అప్పటికి మన అమ్మమ్మలు పార్లమెంటుకి నాలుగుసార్లు ఓటేసి ఉన్నారు.

మొదటి ఎన్నికలు 1951–52లో జరిగాయి. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రాకపోయినా గుర్తు చూసి కాగితం వేసేయడమే. ఈసారి పాలేరుకి ఇటూ అటూ ఒకే చట్టం. తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుంచి శాసనసభకి కూడా ఎన్నికయ్యారు.

ఇంత చేశాక జరిగింది చూడండి. జాబితా రాయడానికి ఇంటికి వచ్చిన వాళ్ళకి చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్యని, ఫలానా వాడి కూతుర్ని అని చెప్పారు. అట్లాగే రాసుకున్నారు. అప్పటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు, సొంత పేరు లేకుండా ఓటు కుదరదు అన్నారు. మళ్ళీ పోయి అడిగించారు, గడువు ఇచ్చారు. అయినా పేరు రానివి సుమారు 28 లక్షలు కొట్టేశారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగింది. ఆయన చేసింది ఆ ఏటికి నష్టమే గాని, తర్వాత ఎన్నికలకి పేర్లు చెప్పారు. లండనులో పెద్ద పెద్ద ఆడవాళ్ళు వద్దన్న ‘ఫలానా వాడి భార్య’ మన ఇళ్ళ గడప దగ్గర అట్లాగే కూర్చుని ఉంది.

ఇప్పుడు లేదా? పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి అని చట్టం ఉంది. ఎన్ని ఊళ్ళలో సంతకం ఆమెది, కుర్చీ ఆయనది? మనలో గెలిచినవాళ్ళు ఇక్కడే ఉన్నారు, తప్పుగా అనుకోవద్దు. ఓటు ముందు రోజు రాత్రి ఇంటికి డబ్బులు వస్తే ఎవరి చేతికి వస్తున్నాయి? ఇంటాయన చేతికి. నాలుగు ఓట్లకి లెక్క కట్టి ఆయనకిస్తున్నారు. అందులో రెండు మనవి.

మా ఊళ్ళో ఆ జాబితా చదివిన రోజునే ఇద్దరు కోడళ్ళ పేర్లు లేవని తేలింది. వాళ్ళ ఓటు ఇంకా పుట్టింటి ఊళ్ళో, బోర్డరు అవతలే ఉంది. పోయి వేసి రావాలంటే కూలి పోతుంది, ఇంట్లో పంపరు. ఇన్నాళ్ళూ ఓటు లేనట్టే గడిచింది. ఊరు మారినవాళ్ళు ఫారం 8 ఇవ్వాలి. పేరులో, ఇంటి పేరులో తప్పులుంటే కూడా ఫారం 8. కొత్తగా 18 నిండిన ఆడపిల్లలకి ఫారం 6. జనవరి ఒకటి దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు పెట్టారు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. ఫోనులో కూడా నింపొచ్చు, లేకపోతే మీ బీఎల్‌ఓ దగ్గర. చనిపోయారనో, ఊళ్ళో లేరనో ఎవరైనా ఒక పేరు తీయించాలంటే ఫారం 7. అది ఇచ్చేముందు మాత్రం గోడ వెనకాల కూర్చున్నవాళ్ళని కూడా ఒకసారి అడగండి.

మా గ్రామ సమాఖ్యలో తీర్మానం రాసుకున్నాం. వచ్చే నెల ప్రతి సంఘం మీటింగులో అప్పుల పుస్తకంతో పాటు ఓటరు జాబితా కూడా చదువుతాం. హాజరు పిలిచేటప్పుడు కోదాడామె, చిల్లకల్లామె అనకుండా, పుస్తకంలో ఉన్న పేరే పిలవాలని కూడా రాశాం. మొదటి మీటింగులో సగం మంది పలకలేదు, రెండోసారి పిలవాల్సి వచ్చింది. మిగతా ఊళ్ళ వాళ్ళు కూడా చేసి చూసి, మీ దగ్గర ఎట్లా జరిగిందో వచ్చే సభలో చెప్పండి. ఫారాలు నింపడం రానివాళ్ళు ఈరోజు భోజనాల తర్వాత మా దగ్గరికి రండి. ఆధార్ కార్డు తెచ్చుకుంటే ఇక్కడే నింపి ఇస్తాం.