నక్కని స్పీకర్‌తో పిలిచాను, వచ్చేసింది!

పేరాలలో షూట్ చేసిన నక్కల వీడియో ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతున్నారు. ఇవాళ అదే చెప్తాను.

టెక్సస్‌లో ఉన్న నా బీటెక్ ఫ్రెండ్ ఒక క్లిప్ పంపాడు. అక్కడ కయోటీ అని, మన నక్కకి చుట్టం లాంటి జంతువు ఉంటుంది. వేటగాళ్ళు పొదల్లో నక్కి కూర్చుంటారు. రిమోట్‌తో పనిచేసే స్పీకర్‌ని దూరంగా పెట్టి, దెబ్బతిన్న కుందేలు కేక ప్లే చేస్తారు. తేరగా తిండి దొరికిందని కయోటీ వస్తుంది. చాలాసార్లు నేరుగా రాదు. గాలివాటం చూసుకుని, చుట్టూ తిరిగి వాసన పడుతుంది. అందుకే వాళ్ళు ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చుంటారు.

ఇదేదో అమెరికా టెక్నాలజీ అనుకున్నా. మా నాయనమ్మ నవ్వింది. "మన నక్కల వాళ్ళకి స్పీకర్ ఎందుకురా, నోరు చాలు" అంది. తమిళనాడులో వాళ్ళనే నరికురవలు అంటారు. నరి అంటే నక్కే. అచ్చం నక్కలాగే ఊళవేసి, దాన్ని దగ్గరికి రప్పించి పట్టడం వాళ్ళ పాత విద్య.

సరే, ట్రై చేద్దామని వాడరేవు వైపు ఒక సరుగుడు తోటకి వెళ్ళా. రాత్రి బ్లూటూత్ స్పీకర్‌లో నక్క ఊళ పెట్టా. రెండు నిమిషాలు దోమలు తప్ప ఏమీ లేదు. తర్వాత ఎడమపక్క నుంచి ఒక ఊళ, దాని వెంటే ఇంకోటి. ఒళ్ళు జలదరించింది. నక్కలు జంటగా ఉంటాయి, తమ జాగాని కాపాడుకుంటాయి. కొత్త గొంతు వినపడితే "ఇది మా చోటు" అని బదులిస్తాయి. యూరప్‌లో సైంటిస్టులు ఇలాగే ఊళ వినిపించి నక్కల్ని లెక్కపెడతారు. కాసేపటికి ఇసుక మీద రెండు నీడలు కదిలాయి.

అప్పుడే తోట కాపలా బాబాయ్ వచ్చాడు. "అబ్బాయ్, ఆ సౌండు నా వాట్సాప్‌కి పంపు. నక్క కొమ్ముకి ఎంతైనా ఇస్తారు" అన్నాడు.

ఫ్రెండ్స్, నక్కకి కొమ్ము ఉండదు. అదృష్టం కలిసొస్తుందని చెప్పి అమ్మేది బొచ్చు చుట్టిన ఏదో ముక్క. నక్క తోక తొక్కితేనే అదృష్టం అనే జనం మనం, కొమ్మంటే ఊరుకుంటామా! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, ఎరవేసి పట్టడం కూడా వేటే.

పంపను బాబాయ్ అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. "నువ్వు పిలిస్తే వీడియో, మేం పిలిస్తే కేసా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ రెండూ నా కోసమే బయటికొచ్చాయి. దగ్గర్లో పిల్లలున్నాయేమో కూడా నేను చూసుకోలేదు.

అందుకే ఆ ఊళ, తోట గుర్తులు కట్ చేశాను. మిగిలింది చీకటి, దోమలు, భయపడ్డ నా మొహం. అది కావాలంటే కామెంట్ పెట్టండి, అప్‌లోడ్ చేస్తా.