ఫోన్‌ని అడిగితే లినక్స్ అంటుంది, మరి టూల్ ఎందుకు రన్ అవ్వదు?

పోయిన ఎపిసోడ్‌లో ఫోన్‌లో టెర్మక్స్ పెట్టుకుని సీ ప్రోగ్రామ్ కంపైల్ చేయడం చూశాం కదా. దాని కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఆండ్రాయిడ్ లోపల లినక్సే అన్నారు. లినక్స్ టూల్ దించితే నా ఫోన్‌లో రన్ అవ్వట్లేదు. ఫోన్ ఏమైనా పాడైందా?" అని. పాడవలేదు తమ్ముడూ. ల్యాప్‌టాప్ లేక ఫోన్‌లోనే కోడింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే, ఇది మనవల్ల కాదులే అని వదిలేస్తారు. అందుకే ఈరోజంతా దీనిమీదే.

నాకూ ఇదే జరిగింది. ఒక చిన్న టూల్, పేరెందుకులెండి. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రన్ చేశా. లినక్స్ దొరికింది, డౌన్‌లోడ్ చేస్తున్నా అంది. చేసింది కూడా. తీరా టూల్ ఓపెన్ చేస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వచ్చింది. ఎల్ఎస్ కొట్టి చూస్తే ఫైల్ కళ్లముందే ఉంది! ఉన్న ఫైల్‌ని లేదంటుందేంటి అని మూడుసార్లు మళ్లీ దించా. ఆరోజు డేటా అంతా దానికే అయిపోయింది.

అసలు సంగతేంటంటే, ఇలాంటి స్క్రిప్టులు మిషన్ ఏదో తెలుసుకోడానికి యూనేమ్ అనే కమాండ్ వాడతాయి. యూనేమ్ మైనస్ ఎస్ కొడితే ఫోన్‌లో "లినక్స్" అని వస్తుంది. అది అబద్ధం కాదు. మైనస్ ఎస్ అడిగేది కెర్నల్ పేరు మాత్రమే, ఆండ్రాయిడ్ కెర్నల్ నిజంగా లినక్సే. కానీ కెర్నల్ మీద సీ లైబ్రరీ అని ఇంకో పొర ఉంటుంది. ఉబుంటు లాంటి వాటిలో అది జీలిబ్‌సీ, ఆండ్రాయిడ్‌లో బయోనిక్. జీలిబ్‌సీ కోసం కట్టిన ప్రోగ్రామ్ లోపల, నన్ను స్టార్ట్ చేయడానికి ఫలానా లోడర్ కావాలి అని ఒక అడ్రస్ రాసి ఉంటుంది. స్లాష్ లిబ్ ఫోల్డర్‌లో ఎల్‌డీ లినక్స్ అనే పేరుతో మొదలయ్యే ఫైల్ అది. మన ఫోన్‌లో అది ఉండదు. లేదు అన్నది ఆ లోడర్ గురించి, మన టూల్ గురించి కాదు. మెసేజ్ మాత్రం మన ఫైలే లేదన్నట్టు వస్తుంది. ఇంత దారుణమైన మెసేజ్ ఇంకోటి లేదు నన్నడిగితే.

మరి స్క్రిప్ట్ ఏం చేయాలి? యూనేమ్ మైనస్ ఓ అని ఇంకో ప్రశ్న ఉంది. టెర్మక్స్‌లో దానికి "ఆండ్రాయిడ్" అని జవాబొస్తుంది. అయితే మొదటే మైనస్ ఓ అడగకూడదు, కొన్ని సిస్టమ్స్‌లో, పాత మ్యాక్‌లలో కూడా, అది పనిచేయక ఎర్రర్ వస్తుంది. ముందు మైనస్ ఎస్, లినక్స్ అని వస్తేనే మైనస్ ఓ. సీ కోడ్‌లో కూడా ఇదే కథ. ఆండ్రాయిడ్ మీద ఆండ్రాయిడ్ మ్యాక్రో, లినక్స్ మ్యాక్రో రెండూ ఆన్‌లో ఉంటాయి. లినక్స్‌ని ముందు చెక్ చేశారో, ఆండ్రాయిడ్ వంతు ఎప్పటికీ రాదు.

పేర్లతో ఇంకో తమాషా ఉంది. మ్యాక్‌లో మైనస్ ఎస్ కొడితే "డార్విన్" అంటుంది. విండోస్ కోసం పేరులో "విన్" ఉందా అని వెతికే కోడ్ నేనే చూశా. డార్విన్‌లో విన్ లేదా మరి? పాపం మ్యాక్ వాళ్లకి విండోస్ ఫైల్ దిగేది. విండోస్‌లో గిట్ బ్యాష్ అయితే "మింగ్‌డబ్ల్యూ 64" అని మొదలై వెనక వెర్షన్ నంబర్ తోక ఉంటుంది, పూర్తి పేరు సమానమా అని చూస్తే ఎప్పటికీ కలవదు. మొదటి అక్షరాలే చూడాలి.

పైథాన్ వాళ్లూ వినండి. సిస్ డాట్ ప్లాట్‌ఫామ్ ఒకప్పుడు "లినక్స్2" అనేది, 3.3 వెర్షన్ నుంచి "లినక్స్" అయింది. ఆండ్రాయిడ్ మీద 3.13 నుంచి "ఆండ్రాయిడ్" అంటోంది. అంటే నిన్నటిదాకా లినక్స్ అని చూసుకుని నడిచిన స్క్రిప్ట్, పైథాన్ అప్‌డేట్ చేయగానే ఫోన్‌లో ఎల్స్‌లోకి పోతుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేకపోయినా!

ఇప్పుడు పాత సోర్స్ కోడ్ దించి కాన్ఫిగర్ స్క్రిప్ట్ రన్ చేసేవాళ్ల సంగతి. "కెనాట్ గెస్ బిల్డ్ టైప్" అని ఆగిందా? ఆ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ గెస్, కాన్ఫిగ్ డాట్ సబ్ అని రెండు ఫైళ్లు ఉంటాయి. మిషన్‌ని గుర్తుపట్టేవి అవే. 2012 కంటే పాతవైతే మన ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్ అంటే వాటికి తెలీదు, అప్పటికి అది లేదు మరి. గ్నూ వాళ్ల దగ్గర కొత్త రెండు ఫైళ్లు దొరుకుతాయి, పాతవాటి మీద కాపీ చేస్తే చాలావరకు ముందుకెళ్తుంది.

ఒక్క మాట దగ్గర జాగ్రత్త. "హోస్ట్." ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఫోన్ కోసం కంపైల్ చేస్తున్నారనుకోండి. ఆటోకాన్ఫ్ భాషలో హోస్ట్ అంటే ప్రోగ్రామ్ రన్ అయ్యే చోటు, అంటే ఫోన్. కంపైల్ చేసే ల్యాప్‌టాప్‌ని బిల్డ్ అంటారు. సీమేక్‌లో హోస్ట్ సిస్టమ్ నేమ్ అంటే పూర్తిగా ఉల్టా, అది ల్యాప్‌టాప్! నేను ఈ రెండూ తారుమారు చేసి, ఫోన్‌కి కట్టాననుకుని ల్యాప్‌టాప్‌కే కట్టుకున్నా.

సరే, టెర్మక్స్ ఓపెన్ చేసి యూనేమ్ మైనస్ ఎస్, మైనస్ ఓ, మైనస్ ఎమ్ మూడూ కొట్టండి. మైనస్ ఎమ్‌కి "ఆర్మ్ వీ8ఎల్" అని వచ్చినవాళ్లు ప్రత్యేకంగా కామెంట్ పెట్టండి. కెర్నల్ 64 బిట్, యాప్ మాత్రం 32 బిట్‌లో నడుస్తోందన్నమాట. మీరు 64 బిట్ ఫైల్ దించితే ఆడదు, 32 బిట్‌దే దించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ స్క్రీన్‌షాట్లు ముందు పెట్టుకుని ఈ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌ని మనమే రాద్దాం. ఉంటాను.